తూర్పు దారి మజిలీలు

విజయవాడ వైపు నుంచి వచ్చే రాత్రి బస్సుల్లో తెల్లవారుజామున కండక్టర్ కేకేస్తాడు: "ఎల్బీ నగర్, ఎల్బీ నగర్ రింగ్ రోడ్డు!" సగం బస్సు ఖాళీ అవుతుంది. దిగినవాళ్లు ఆటో మాట్లాడుకుని ఎవరి దారిన వాళ్లు పోతారు. హైదరాబాద్ చూడటానికి వచ్చినవాళ్లు కూడా ఇక్కడ దిగుతారు కానీ ఇక్కడేదీ చూడరు. వాళ్ల జాబితా చార్మినార్‌తో మొదలై, సాలార్‌జంగ్ మ్యూజియం మీదుగా గోల్కొండకు చేరి, సాయంత్రానికి హుస్సేన్‌సాగర్ గట్టున ముగుస్తుంది. తూర్పున రామోజీ ఫిల్మ్ సిటీకి పోయేవాళ్లు ఇదే దారిలో వెళ్తారు, ఇక్కడ ఆగరు.

నాలుగు వందల ఏళ్ల కింద అలా కాదు. పరదేశి సముద్రం మీద వచ్చి మచిలీపట్నంలో దిగితే, గోల్కొండ రాజ్యపు రాజధానికి అతను వచ్చే దారి ఇదే. వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు జాన్ బాప్టిస్ట్ టావెర్నియర్ తన ప్రయాణాల పుస్తకాన్ని 1676లో పారిస్‌లో అచ్చేయించాడు. అందులో గోల్కొండ నుంచి మచిలీపట్నం దాకా మజిలీల పట్టిక ఉంది. ఆ పట్టిక మొదట్లోనే తెనారా అని ఒక చోటు వస్తుంది. తర్వాత జాతెనగర్. రెండోది మన హయత్‌నగరేనని పండితుల మాట. మొదటిదాని ఆనవాలు ఎవరికీ గట్టిగా దొరకలేదు గానీ, టావెర్నియర్ కలం ఎక్కువసేపు ఆగింది అక్కడే.

తెనారాలో నాలుగు పెద్ద భవనాలు, ఒక్కోదానికి ఒక్కో తోట. దారికి ఎడమ పక్కన ఉన్నది అన్నిటికన్నా అందమైనది. చెక్కిన రాళ్లతో కట్టిన రెండంతస్తుల మేడ, ముందు విశాలమైన చదరపు ఆవరణ. అది రాణిగారి కోసం. మిగతా మూడింట్లో ప్రయాణికులు దిగవచ్చు. రాణి లేనప్పుడు మాత్రం ఆ పెద్ద మేడలోకి కూడా వెళ్లి చూడనిచ్చేవారట, తోటలో తిరగనిచ్చేవారట. రాజుగారి ఇల్లు చూసి రావడమన్న సరదా ఈ ఊరివాళ్లకు ఫలక్‌నుమా, చౌమహల్లా కట్టకముందే అలవాటన్నమాట.

అంతకన్నా నాకు నచ్చింది ఆవరణ చుట్టూ ఉన్న చిన్న చిన్న గదుల సంగతి. అవి బీద ప్రయాణికులకు. సాయంత్రమయ్యేసరికి వాళ్లకు రొట్టె, అన్నం, వండిన కూరలు పంచేవారు. పరాయి చేతి వంట ముట్టని హిందువులకు పిండి, కాస్త వెన్న ఇచ్చేవారు. వాళ్లు రొట్టె కాల్చుకుని రెండు వైపులా కరిగిన వెన్న రాసుకునే తీరును కూడా టావెర్నియర్ గమనించి రాశాడు. వజ్రాల క్యారెట్లు లెక్కగట్టే మనిషి కన్ను ఆ పొయ్యిల మీద కూడా పడింది.

ఆ రోజుల్లో ఈ దారిని పోషించిన పేర్లలో పెద్దది హయత్ బక్షీ బేగంది. నగరం కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, తర్వాతి సుల్తాను భార్య, ఆ తర్వాతి సుల్తాను తల్లి. 1626లో భర్త పోయాక చిన్నవాడైన కొడుకు అబ్దుల్లా పేరిట రాజ్యం చక్కదిద్దింది ఆమే. జనం ఆమెను మా సాహెబా అన్నారు. మాసబ్ ట్యాంక్ ఆమె పేరే, హయత్‌నగర్ కూడా ఆమె పేరే. హయత్‌నగర్‌లో ఎత్తయిన అరుగు మీద అయిదు కమానుల మసీదు ఇప్పటికీ ఉంది. దాని చుట్టూ ఉన్నది సరాయి, అంటే బాటసారుల కోసం కట్టిన గదుల వరస. పక్కనే హాథీ బావి. హైవే మీద నుంచి కూతవేటు దూరంలో ఇంత పెద్ద కుతుబ్‌షాహీ కట్టడం ఉందని దిల్‌సుఖ్‌నగర్‌లో పుట్టి పెరిగినవాళ్లలోనే చాలామందికి తెలియదు.

ఈ దారి ఎంత దూరం పోయేదో చెప్తే ఇప్పటివాళ్లకు నవ్వొస్తుంది. మచిలీపట్నం నుంచి ఓడలు బర్మాలోని పెగూకి, సుమత్రాలోని ఆచేకి, సయాం రాజ్యపు రేవులైన తెనస్సరిం, మెర్గూయిలకు వెళ్లేవి. అక్కడ దిగి నేల మీద నడిస్తే అయుత్థయ. ఇప్పటి బ్యాంకాక్‌కు ఎగువన ఉన్న అప్పటి సయాం రాజధాని అది. గోల్కొండ రాజ్యపు అద్దకం బట్టలు అటు పోయేవి, అక్కడి ఏనుగులు ఇటు వచ్చేవి. 1680ల్లో సయాంకూ గోల్కొండకూ సముద్రం మీద కొట్లాట కూడా జరిగింది. ఇవాళ దిల్‌సుఖ్‌నగర్‌లో ట్రావెల్స్ బోర్డు చూసి బ్యాంకాక్, పట్టాయా ప్యాకేజీ మాట్లాడుకునే కుర్రాళ్లు శంషాబాద్ వెళ్లి విమానం ఎక్కుతారు. అప్పటి వర్తకుడు అదే దేశానికి పోవాలంటే హయత్‌నగర్ మీదుగా ఎడ్లబండి కట్టించుకోవాలి.

హయత్‌నగర్ నుంచి నగరం వైపు వస్తే వనస్థలిపురం పక్కన మహావీర్ హరిణ వనస్థలి. నిజాముల కాలంలో వేట భూమి. 1975లో, మహావీరుడు నిర్యాణం చెంది 2500 ఏళ్లయిన సందర్భంగా ఆ పేరు పెట్టారు. 3600 ఎకరాలకు పైగా ఉన్న ఈ పార్కులో కృష్ణ జింకలు గుంపులుగా తిరుగుతాయి. మగది మెలి తిరిగిన కొమ్ములతో, నల్లని వీపుతో, తెల్లని పొట్టతో కనిపిస్తుంది. చిరుతపులి కోసం, పెద్దపులి కోసం వచ్చేవాళ్లకు ఇక్కడ పని లేదు. పొద్దున్నే వచ్చి, మాట్లాడకుండా కాసేపు నిలబడగలిగేవాళ్లకు మాత్రం జింకలు, నెమళ్లు కనిపిస్తాయి. ఆటోనగర్ లారీల హారన్లు అక్కడిదాకా వినిపిస్తూనే ఉంటాయి.

ఇక ఎల్బీ నగర్ చౌరస్తా. లాల్ బహదూర్ శాస్త్రి పేరు మీద వెలసిన కాలనీ మున్సిపాలిటీ అయింది, 2007లో పక్కనున్న గడ్డిఅన్నారం మున్సిపాలిటీతో పాటు జీహెచ్‌ఎంసీలో కలిసింది. పైన ఫ్లైఓవర్లు, కింద అండర్‌పాస్‌లు, నాగార్జునసాగర్ వైపు ఒక దారి, విజయవాడ వైపు ఒకటి. చూడదగ్గ అందం ఇక్కడేమీ లేదు. కానీ తెలంగాణ చరిత్ర తెలిసినవాడు ఈ చౌరస్తాను ఊరికే దాటిపోలేడు. 2009 నవంబర్ 29న ప్రత్యేక తెలంగాణ రాష్ట్రం కోసం కాసోజు శ్రీకాంతాచారి ఇక్కడే ఒంటికి నిప్పంటించుకున్నాడు. డిసెంబర్ 3న ప్రాణం విడిచాడు. ఆరు రోజులకే, డిసెంబర్ 9 రాత్రి, రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామని కేంద్రం ప్రకటించింది. అతని విగ్రహం ఇక్కడే ఉంది.

ఇక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా మెట్రోలో మూడు స్టేషన్లే. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా రైలు నడిచింది. మొదటి స్టేషన్ పేరు విక్టోరియా మెమోరియల్. ఆ పేరెందుకని అడిగితే ఎవరో ఒకరు అనాథాశ్రమం చూపిస్తారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తన కోసం కట్టించుకుంటున్న మహలు అది. శకునం బాగాలేదని అందులో అడుగు పెట్టలేదని కథ. 1901లో విక్టోరియా రాణి చనిపోయాక ఆమె జ్ఞాపకంగా దాన్ని అనాథ పిల్లలకు ఇచ్చేశాడు. రాజు వద్దనుకున్న మేడలో ఎన్నో తరాల పిల్లలు చదువుకుని పెద్దవాళ్లయ్యారు. శకునం ఎవరికి కలిసొచ్చిందో వాళ్లనే అడగాలి.

కొంచెం పక్కకు సరూర్‌నగర్ చెరువు, 1626 నాటిది. పొలాలకు నీళ్లివ్వడానికి తవ్వించారు. పొలాలు ప్లాట్లయ్యాయి, చెరువు చిక్కిపోయింది. గట్టు మీద పార్కు, వినాయక నిమజ్జనానికి క్రేన్లు, సాయంత్రం వాకింగ్ చేసేవాళ్లు. 2020 అక్టోబర్ వానలకు కింది కాలనీల్లోకి నీళ్లు వచ్చి మనుషులు పడవల్లో బయటపడాల్సి వచ్చింది. చెరువుకు తన పాత హద్దు గుర్తుంది, కాగితాల్లో గీసిన హద్దు దానికి తెలియదు.

చైతన్యపురి స్టేషన్‌లో దిగితే ఈ మొత్తం దారిలో నా లెక్కన అన్నిటికన్నా విలువైనది దగ్గర్లో ఉంది. మూసీ ఒడ్డున ఫణిగిరి కాలనీ, అక్కడ కోసగుండ్ల నరసింహస్వామి గుడి. గుడి దగ్గర బండ మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చెక్కిన శాసనం ఉంది. విష్ణుకుండిన రాజు గోవిందవర్మ కాలం నాటిది, గోవిందరాజ విహారమనే బౌద్ధ విహారాన్ని ప్రస్తావిస్తుంది. అంటే సుమారు 1600 ఏళ్ల కిందటిది. హైదరాబాద్ నగరంలో దొరికిన శాసనాల్లో పాతది ఇదేనంటారు. చార్మినార్ 1591 నాటిది కాబట్టి ఊరి చరిత్ర అక్కడే మొదలైందని బడి పుస్తకం చెప్తుంది. దానికి వెయ్యేళ్ల ముందే ఇదే నది ఒడ్డున భిక్షువులు బస చేశారు. వానాకాలం వాళ్లు ఒక్కచోట ఉండాలి, అందుకు ఒక విహారం కావాలి, దానికి ఒక రాజు పేరు పెట్టారు. అశ్మకం, ఆంధ్రం అని పాత జనపదాల పెద్ద పెద్ద పేర్లు చెప్పుకునే మనం ఆ బండ చుట్టూ కాస్త జాగా, ఒక మంచి బోర్డు, అక్షరాలు కనిపించేలా వెలుతురు ఏర్పాటు చేయడానికి ఇంత కాలం తీసుకోవాలా? ఒక మాట మాత్రం చెప్పాలి. శాసనం మీద ముగ్గుపిండి పోసి ఫొటో తీయకండి. ఎండ ఏటవాలుగా పడే వేళ పోతే చాలు, గీతలు వాటంతటవే లేస్తాయి.

దిల్‌సుఖ్‌నగర్ వయసులో వీటన్నిటికీ మనవడు. మక్తేదారు దిల్‌సుఖ్ రామ్ ప్రసాద్ పొలాలు ప్లాట్లయి వచ్చిన పేరు. నల్గొండ, ఖమ్మం, సూర్యాపేట, మిర్యాలగూడ నుంచి వచ్చినవాళ్లు మొదట కుదురుకున్నది ఇక్కడే. కోచింగ్ సెంటర్లు వచ్చాయి, వాటి వెంట హాస్టళ్లు వచ్చాయి. గోడల మీద బోర్డులు చదవండి: టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్. ఒక మంచం, ఒక ట్రంకుపెట్టె, కిటికీ ఊచలకు ఆరేసిన తువ్వాలు, మెస్సులో పప్పు చారు. గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం, కానిస్టేబుల్ సెలక్షన్ కోసం ఎదురుచూసే పిల్లలు ఏడాదో రెండేళ్లో ఉండి వెళ్లిపోతారు. తెనారా చిన్న గదులకూ వీటికీ ఒకటే తేడా: అక్కడ అన్నం ఊరికే పెట్టేవారు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఇక్కడ రెండు బాంబులు పేలినప్పుడు చనిపోయినవాళ్లలో అలా చదువుకోవడానికి వచ్చిన పిల్లలూ ఉన్నారు. ఆ బస్టాపు, ఆ మిర్చి బండ్ల సందడి మళ్లీ ఎప్పటిలాగే నిండిపోయాయి. ఊరు అలా నిండిపోవడం నిర్లక్ష్యం కాదు, బతుకుతెరువు.

ఇక్కడి నుంచి మూసారాంబాగ్ ఎంతో దూరం లేదు. గుట్ట మీద రేమండ్ సమాధి. ఫ్రాన్స్‌లోని గాస్కొనీ ప్రాంతంలో 1755లో పుట్టిన మిషెల్ జొవాకిం రేమండ్ పాండిచ్చేరికి వచ్చి, చివరికి రెండో నిజాం కొలువులో సైన్యాధిపతి అయ్యాడు. పది వేలకు పైబడిన సైన్యాన్ని ఐరోపా పద్ధతిలో తయారుచేశాడు. ఫిరంగులు పోత పోయించాడు. ఫతేమైదాన్ దగ్గరి గన్‌ఫౌండ్రీ ఆయన జ్ఞాపకమే. 1795లో మరాఠాలతో ఖర్దా యుద్ధంలో నిజాం పక్షాన నిలిచాడు. 1798 మార్చి 25న హఠాత్తుగా పోయాడు. విషం పెట్టారని పుకారు పుట్టింది. అదే ఏడాది అక్టోబర్‌లో ఆయన సైన్యం చేత ఆయుధాలు దింపించింది ఇంగ్లీషువాళ్లు, ఒక్క తూటా పేల్చకుండా. ఆ ఏడు నెలల్లో ఈ ఊరి తలరాత మారింది.

సమాధి అంటే నల్లరాతి నాలుగు పలకల సూచి స్తంభం, ఏడు మీటర్ల ఎత్తు ఉంటుంది. మీద జె, ఆర్ అన్న అక్షరాలు. పక్కన స్తంభాల మంటపం. అది 2001 వానలకు కూలితే మళ్లీ నిలబెట్టారు. సిలువ గుర్తు కోసం, పొగడ్త పద్యం కోసం వెతికితే కనిపించవు. జనం మాత్రం ఆయన్ని వదల్లేదు. ముస్లింలకు మూసా రహీం, హిందువులకు మూసా రామ్. మూసారాంబాగ్ అలా వచ్చిన పేరే. చాలా ఏళ్లు వర్ధంతి నాడు దీపాలు పెట్టి, ఉర్సు చేసేవారు. వేల మైళ్ల అవతలి నుంచి జీతానికి వచ్చిన సిపాయికి మొక్కుకోవడం వింతగా ఉంటుంది గానీ, తూర్పు దారిన వచ్చినవాణ్ణి తనవాడిగా కలుపుకోవడం ఈ వైపు జనానికి కొత్తేం కాదు. పక్క గుట్ట మీద పైగా అనే ప్రభువుల వంశానికి చెందిన ఆస్మాన్ జా కట్టించుకున్న కోట లాంటి మేడ, ఆస్మాన్‌గఢ్. ఇప్పుడు అందులో బడి నడుస్తోంది.

భక్తులైతే ఈ దారిని వేరే క్రమంలో చూస్తారు. కర్మన్‌ఘాట్ ధ్యానాంజనేయుడు, వేటకొచ్చిన కాకతీయ రెండో ప్రోలరాజుకు అడవిలో పులి గాండ్రింపు వెనక రామనామం వినిపించిన కథతో ముడిపడిన దేవుడు. మంగళవారం అక్కడ నిలబడే చోటుండదు. కొత్తపేట వాసవి కాలనీ అష్టలక్ష్మి గుడి 1996 నాటిది, కంచి పీఠం ఆధ్వర్యంలో వెలసింది. దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడికి గురువారం పోతే ట్రాఫిక్‌కు కూడా మొక్కుకోవాలి. ఇదివరకు కొత్తపేటకు వచ్చినవాళ్లు పండ్ల మార్కెట్‌లో బత్తాయిలు, మామిడి పండ్లు కొనుక్కుని పోయేవాళ్లు. ఆ మార్కెట్ బాటసింగారం తరలిపోయింది. ఆ స్థలంలో పెద్దాసుపత్రికి 2022లో శంకుస్థాపన జరిగింది.

చూడాలనుకునేవాళ్లకు నా సలహా, తూర్పు నుంచి పడమరకు రండి. పొద్దున్నే హయత్‌నగర్ మసీదు, బావి, ఎండ ఎక్కక ముందే హరిణ వనస్థలి. మధ్యాహ్నానికి దిల్‌సుఖ్‌నగర్ మెస్సులో భోజనం, అక్కడ పప్పు రెండోసారి అడిగితే కసురుకోరు. ఎండ దిగాక చైతన్యపురి శాసనం, ఆ తర్వాత రేమండ్ గుట్ట. ఎల్బీ నగర్ నుంచి హయత్‌నగర్‌కు 7.1 కిలోమీటర్ల మెట్రో ప్రతిపాదనను రాష్ట్ర ప్రభుత్వం 2024లో రెండో దశలో చేర్చి కేంద్రానికి పంపింది. అది వచ్చేదాకా ఆ ముక్క దూరానికి సిటీ బస్సే గతి.