పిఠాపురం వీలునామా

1890లో పిఠాపురం జమీందారు గంగాధర రామారావు కన్నుమూసేనాటికి ఆయనకు కొడుకులు ఇద్దరు. రామకృష్ణారావు 1873లో దత్తత వచ్చినవారు. సూర్యారావు ఆ తరవాత 12 ఏళ్లకు, 1885లో పుట్టిన ఔరసుడు. తండ్రి రాసిన వీలునామా జమీందారీని పసివాడైన సూర్యారావుకు ఇచ్చింది. దత్తపుత్రుడు దావా వేశారు. మైనరు తరఫున వీలునామాను నిలబెట్టే పని, మైనర్ల ఎస్టేట్లను చూసే ప్రభుత్వ సంస్థ కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌పై పడింది.

ధర్మశాస్త్రాల్లో దాయభాగం ఉంది, దత్తత ఉంది, దానం ఉంది. వీలునామా మాత్రం లేదు. ఇంగ్లీషు పాలనలో కోర్టులే దాన్ని హిందువులకు క్రమంగా అలవాటు చేశాయి. మద్రాసు రాజధానిలో హిందువు వీలునామా రాయవచ్చని, ఆనాటి అత్యున్నత అప్పీలు కోర్టు అయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1856లో ఒప్పుకుంది. సంతకం, ఇద్దరు సాక్షులు ఉండాలన్న 1870 నాటి హిందూ వీలునామాల చట్టం ఈ రాజధానిలో మద్రాసు నగరానికే పరిమితం. గోదావరి జిల్లాకు అది వర్తించదు. అందువల్ల పిఠాపురం దావాలో అసలు ప్రశ్న సంతకం గురించి కాదు. అలా రాసే హక్కు జమీందారుకు ఉందా అన్నదే.

ఆ హక్కుకు అడ్డు మితాక్షర న్యాయం. దాని ప్రకారం ఉమ్మడి ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే వాటా వస్తుంది. దత్తపుత్రుడికి దత్తతతో వస్తుంది. తండ్రి చనిపోయిన క్షణానే ఆయన వాటా మిగిలినవారికి చేరిపోతుంది కాబట్టి వీలునామాకు పట్టు దొరకదు. మద్రాసు హైకోర్టు 1874లోనే ఈ సూత్రాన్ని చెప్పింది. దత్తపుత్రుడికి ఇదే బలం.

అయితే పిఠాపురం పంచుకునే ఆస్తి కాదు, ఒక్కరి చేతికే వెళ్లే అవిభాజ్య ఎస్టేటు. పంపకం అడిగే హక్కే లేని చోట కొడుక్కి పుట్టుకతో వచ్చే వాటా ఏమిటి? ఆచారం అడ్డుపడితే తప్ప ఇలాంటి ఎస్టేటును యజమాని దానమివ్వవచ్చని ప్రివీ కౌన్సిల్ 1888లో సర్తాజ్ కువారి కేసులో తేల్చింది. 1899లో పిఠాపురం కేసు విన్నప్పుడు ఆ మాటనే వీలునామాకూ చాపింది. బతికుండగా ఇవ్వగలిగినవాడు చనిపోయాక చెందేలా రాసివ్వనూ గలడు. వీలునామా నిలిచింది.

తీర్పు ఇతర జమీందారీలను కలవరపెట్టింది. ఒక్క కాగితంతో వంశపు ఎస్టేటు చేయి జారవచ్చు. మద్రాసు ప్రభుత్వం 1904లో అవిభాజ్య ఎస్టేట్ల చట్టం తెచ్చి, కుటుంబ యజమానికి ఉన్నంత అధికారానికి మించి జమీందారు చేసే బదలాయింపు ఆయన జీవితకాలం దాటి చెల్లదని కట్టడి చేసింది. పిఠాపురంలో మాత్రం 1899 తీర్పే ఖాయం. దత్తపుత్రుడి కొడుకు ఎస్టేటు నుంచి మనోవర్తి కోరుతూ వేసిన దావాను కూడా ప్రివీ కౌన్సిల్ 1918లో కాదంది; అలాంటి హక్కును ఆచారంతో రుజువు చేయాలంది. వీలునామాతో గద్దెనెక్కిన సూర్యారావే తరవాత సూర్యరాయాంధ్ర నిఘంటువుకు పోషకుడయ్యారు.

సాక్షుల నిబంధన మద్రాసు నగరం దాటి ఊళ్లలోని హిందువులకు వర్తించింది 1927 జనవరి 1 నుంచి. అక్కడి నుంచి వివాదం హక్కు మీద కంటే రాత మీదికి మళ్లింది. 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రాలే నేటికీ కొలమానం. వీలునామాను ముందుకు తెచ్చినవారే దాన్ని రుజువు చేయాలి. రాసినవారు తెలివితో, విషయం తెలిసి, సొంత ఇష్టంతో సంతకం చేశారని చూపాలి. సంతకం వణికినా, దగ్గరివారికి కారణం లేకుండా ఏమీ దక్కకపోయినా, లాభం పొందేవారే దగ్గరుండి రాయించినా అనుమానం తీర్చే భారం వారిదే. సాక్షి సంతకం చేసినవారిలో బతికున్న ఒక్కరినైనా బోనెక్కించాలి. రిజిస్ట్రేషన్ అయిందన్న ఒక్క మాటతో అనుమానాలు తీరిపోవు.

1956 హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షన్, ఉమ్మడి ఆస్తిలో తన వాటాను కూడా వీలునామాతో రాసే హక్కును ఇచ్చింది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు అప్పటికే పోయాయి. దాంతో పిఠాపురం దావాలో తలపడిన రెండు వాదాలకూ ఆధారం తీరిపోయింది.