మరక కాదు, మన ధూళి

కాలిఫోర్నియాలోని పాలొమార్ కొండ మీద ఒకప్పుడు ఆకాశాన్ని గాజు మీద పట్టేవారు. అక్కడి 48 అంగుళాల ష్మిట్ టెలిస్కోపులో పెట్టే ఫలకం పొడవూ వెడల్పూ 14 అంగుళాలు. మందు పూసిన ఆ పలుచని గాజును చీకట్లోనే బిగించాలి, చీకట్లోనే తియ్యాలి, చీకటి గదిలోనే కడగాలి. ఆరిన తర్వాత వెలుతురు మీద పెడితే ఆకాశం తలకిందులుగా కనిపిస్తుంది: చీకటంతా తెలుపు, చుక్కలన్నీ నలుపు.

మెస్సియే 81 అనే గెలాక్సీ పడిన ఫలకాల్లో ఒక చిక్కు ఎదురైంది. గెలాక్సీ చక్కగా వచ్చింది. దానికి కాస్త దూరంలో దాని తోడు మెస్సియే 82 కూడా వచ్చింది. కానీ ఏమీ ఉండకూడని చోట, తడి వేలు తగిలి ఆరినట్టు, బూడిదరంగు తెరలు ఉన్నాయి.

ఇలాంటిది కనిపిస్తే ముందు చేతి మీదే అనుమానం వస్తుంది. మందు సమంగా పూయలేదేమో. కడిగినప్పుడు మరక పడిందేమో. ఏది నిజమో తేల్చే దారి ఒక్కటే. మరో రాత్రి, మరో గాజు. చేతి మరక రెండోసారి అదే చోట పడదు.

ఇవి మాత్రం అక్కడే ఉన్నాయి.

*

అంతకు దాదాపు 200 ఏళ్ల ముందు, 1774 డిసెంబరు 31. బెర్లిన్‌లో కొత్త సంవత్సరం ముందటి రాత్రి. విద్యుత్ దీపం అన్న మాటే లేని కాలం, మహానగరం నడిబొడ్డున కూడా చుక్కలు విరగకాసే కాలం. యోహాన్ ఎలెర్ట్ బోడె వయసు 27. టెలిస్కోపును సప్తర్షి మండలం వైపు తిప్పాడు. ఆ ఋషుల తల దాటిన తర్వాత రెండు మసక మచ్చలు దొరికాయి. ఒకటి గుండ్రంగా, నడుమ చిక్కగా ఉంది. రెండోది పాలిపోయి, సాగదీసినట్టుంది. అవి గెలాక్సీలని ఆయనకు తెలియదు. మన పాలపుంత బయట వేరే గెలాక్సీలున్నాయని అప్పటికి ఎవరూ రుజువు చెయ్యలేదు. చూసింది చూసినట్టు రాసి పెట్టాడు, అంతే. ఫ్రాన్స్‌లో షార్ల్ మెస్సియే 1781లో వాటిని తన పట్టికలో 81, 82 అంకెల కింద చేర్చాడు. మొదటిదాన్ని ఇప్పటికీ బోడె గెలాక్సీ అంటారు.

అది మనకు సుమారు కోటీ 20 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. బోడె కంటిని తాకిన వెలుగు బయలుదేరేనాటికి భూమి మీద మనిషి లేడు.

*

1965లో ఖగోళ శాస్త్రవేత్త హాల్టన్ ఆర్ప్ ఆ బూడిద తెరల్లో ఒక ఆకారాన్ని పట్టుకున్నాడు. బోడె గెలాక్సీకి ఒక పక్కన విల్లులా వంగిన మసక వలయం. వింత గెలాక్సీలంటే ఆర్ప్‌కు ప్రాణం. మరుసటి ఏడే 338 వింత గెలాక్సీలతో బొమ్మల పుస్తకం తెచ్చాడు. మెస్సియే 82 అందులో 337వది. ఆ రెండు గెలాక్సీలూ ఒకదాన్నొకటి లాక్కున్నాయని మనకిప్పుడు తెలుసు. అలాంటి జంట పక్కన వంగిన వెలుగు కనిపిస్తే, అది ఆ గెలాక్సీల్లోంచి ఊడిపడిన పదార్థమనుకోవడంలో తప్పేముంది? ‘ఆర్ప్ వలయం’ అన్న పేరు స్థిరపడింది.

ఆ తర్వాత 11 ఏళ్లకు అలన్ శాండేజ్ ఒక వ్యాసం రాశాడు. అంతటి ఎడ్విన్ హబుల్ దగ్గర పనిచేసి, ఆయన పని అందుకున్న మనిషి ఈయన. పాలొమార్ ఫలకాల్లో కనిపించిన మసక తెరలు దూరపు గెలాక్సీలవి కావన్నాడు. అవి మనవి. మన పాలపుంత ధూళి.

ఆ మాట ఎంత పెద్దదో అర్థం కావాలంటే కాస్త ఊహించుకోవాలి. పాలపుంత ఒక పెద్ద పళ్లెం. మనం ఆ పళ్లెం లోపలే ఉన్నాం. పళ్లేనికి పైన, వందల కాంతి సంవత్సరాల ఎత్తున, పలుచని ధూళి మబ్బులు తేలుతున్నాయి. మామూలుగా ధూళి మబ్బు మెరవాలంటే దగ్గర్లో ఒక నక్షత్రం ఉండాలి. కృత్తికల చుట్టూ నీలి పొగ మెరిసేది ఆ చుక్కల వెలుగుతోనే. వీటికి ఆ భాగ్యం లేదు. ఏ ఒక్క దీపమూ వీటిది కాదు. కింద పళ్లెం నిండా ఉన్న కోటానుకోట్ల నక్షత్రాల వెలుగు కలిసి పైకి వచ్చి వీటి మీద పడుతుంది. భోగి తెల్లవారుజామున ఊరి బయట గట్టు మీద నిలబడి వెనక్కి చూస్తే, ఊరి మీద తేలే పొగ ఏ ఇంటి మంటతో మెరుస్తోందో చెప్పలేం. అది ఊరందరి వెలుగు. ఇదీ అంతే.

శాండేజ్ మాటకు గట్టి సాక్ష్యం ఆకాశం నుంచే వచ్చింది. 1983 జనవరి 25న అమెరికా, నెదర్లాండ్స్, బ్రిటన్ కలిసి ఐరాస్ ఉపగ్రహాన్ని పంపాయి. అది చూసేది వెలుగును కాదు, వేడిని. పని చేసిన 10 నెలల్లో ఆకాశమంతా ఏకిన దూది పోగుల్లాంటి చల్లని ధూళిని చూపించింది. శాస్త్రవేత్తలు దానికి ‘ఇన్‌ఫ్రారెడ్ సిర్రస్’ అని పేరు పెట్టారు.

*

ఇక్కడ కథ పెద్ద పెద్ద అబ్జర్వేటరీల చేతుల్లోంచి మామూలు మనుషుల చేతుల్లోకి వస్తుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

కాలిఫోర్నియాకు చెందిన స్టీవ్ మాండెల్ జీతానికి ఆకాశం చూసే మనిషి కాడు, ఔత్సాహికుడు. ఈ శతాబ్దం మొదటి దశకంలో ఆయన డిజిటల్ కెమెరాతో బోడె గెలాక్సీ పరిసరాలను గంటల తరబడి ఫొటో తీశాడు. ఆ తెరలు ఆయన చిత్రాల్లోనూ వచ్చాయి. తుడిచెయ్యలేదు. అలాంటి మబ్బుల్ని వెతికి వెతికి జాబితా కట్టాడు. ‘ఇంటిగ్రేటెడ్ ఫ్లక్స్ నెబ్యులా’ అని పేరు పెట్టాడు, అంటే అందరి వెలుగూ కలిసి మెరిసే మబ్బు అని. ప్రపంచమంతటా ఆకాశం ఫొటోలు తీసేవాళ్లు ఇవాళ వాడేది ఆ పేరే.

టొలెడో విశ్వవిద్యాలయంలో అంతరిక్ష ధూళి మీద జీవితకాలం పనిచేసిన అడాల్ఫ్ విట్‌తో ఆయన కలిశాడు. 2008లో వాళ్ల బృందం వ్యాసం అచ్చయింది. ఆ మబ్బులు పాలపుంత వెలుగును అద్దంలా తిప్పి పంపడమే కాదు, అతినీలలోహిత కాంతిని మింగి తామే ఎర్రగా మెరుస్తున్నాయని వాళ్లు చూపించారు. మరకలా కనిపించినదానికి సొంత రంగు ఉందన్నమాట.

*

ఆ రంగును పట్టడానికి పడే పాటు చెప్పకపోతే ఈ గాథ సగమే.

చంద్రుడు లేని రాత్రి, ఊరి దీపాలకు దూరంగా ఉన్న చోటు కావాలి. అక్కడ కూడా ఆకాశం పూర్తిగా నలుపు కాదు, దానికీ ఒక మెరుపు ఉంటుంది. ఈ ధూళి వెలుగు ఆ మెరుపులో నూరో వంతు దరిదాపుల్లో ఉంటుంది. ఒక్క ఫొటోలో దొరకదు. కొన్ని నిమిషాల చొప్పున పదులు, వందల ఫొటోలు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చాలి. దాన్నే స్టాకింగ్ అంటారు. 4 ఫొటోలు పేరిస్తే చిత్రంలోని గరుకు, అంటే నాయిస్, సగమవుతుంది. దాన్ని పదో వంతుకు దించాలంటే 100 కావాలి. సగం తగ్గించడానికి ఎప్పుడూ నాలుగింతల కష్టం. అందుకే ఒక్క చిత్రానికి రాత్రుల మీద రాత్రులు పోతాయి.

లెన్సు మీది దుమ్ము, అంచుల్లో తగ్గే వెలుగు పోవడానికి ఫ్లాట్ ఫ్రేములు తియ్యాలి. సెన్సర్ వేడికి పుట్టే దోషం పోవడానికి మూత పెట్టి డార్క్ ఫ్రేములు తియ్యాలి. ఆ తర్వాత వస్తుంది అసలు గండం. ఊరి వెలుగు వల్ల చిత్రంలో ఒక పక్క తెల్లబారుతుంది. దాన్ని తీసెయ్యడానికి కంప్యూటర్‌కు ‘ఇది ఉత్త ఆకాశం’ అని కొన్ని చోట్లు గుర్తు పెట్టి చూపాలి. బోడె గెలాక్సీ చుట్టూ ఉత్త ఆకాశమనేదే దాదాపు లేదు, ధూళే. తెలియక ధూళి మీద గుర్తు పెడితే, కంప్యూటర్ దాన్నంతా శుభ్రంగా ఊడ్చేస్తుంది. చిత్రం అందంగా, నల్లగా, తళతళలాడుతూ వస్తుంది. అందులో నిజం ఉండదు. మచ్చలేని నలుపు కంటే ఆ బూడిదరంగే గొప్ప చిత్రమని నా నమ్మకం.

*

మరి ఆర్ప్ వలయం ఏమైంది? 2008లో హబుల్ టెలిస్కోపు చిత్రాల్లో ఆ దిశలో నీలి నక్షత్ర గుంపులు దొరికాయి. అవి నిజంగానే ఆ గెలాక్సీల కుటుంబానివి. 2010లో ఐరోపా పరిశోధకులు రకరకాల తరంగాల్లో ఆ చోటంతా జల్లెడ పట్టారు. ఆ నక్షత్రాలు అక్కడివేగానీ, వలయంలోని మసక వెలుగులో ఎక్కువ భాగం మన పాలపుంత ధూళిదేనని తేల్చారు. ఒకే గీత మీద ముందు మన ధూళి, దాని వెనక కోటీ 20 లక్షల కాంతి సంవత్సరాల అవతల కొత్తగా పుట్టిన చుక్కలు. ఆర్ప్ సగం సరి, శాండేజ్ చాలావరకు సరి.

ఈ ఉగాదికి మీరూ ఒకసారి చూడండి. అమావాస్య దాటిన మర్నాడే ఉగాది కాబట్టి నెలవంక పొద్దుగూకిన కాసేపటికే దిగిపోతుంది. రాత్రి 9 గంటలప్పుడు ఊరి దీపాలకు దూరంగా ఉత్తరానికి తిరగండి. పెళ్లిలో అరుంధతిని చూపించిన ఆ సప్తర్షి మండలంలోనే పులస్త్యుడి నుంచి క్రతువు దాకా గీత గీసి, అంతే దూరం ముందుకు వెళ్లండి. మన తెలుగు నేల నుంచి ఆ చోటు ధ్రువుడికి రెండింతల ఎత్తున ఉంటుంది. మంచి బైనాక్యులర్ ఉంటే రెండు మసక మచ్చలు కనిపిస్తాయి, బోడెకు కనిపించినట్టే. వాటికి ముందున్న ధూళి కంటికి కనిపించదు. మీ ఇంట్లో కెమెరాతో ఆకాశం తీసే పిల్లలుంటే, నేపథ్యం తుడిచే ముందు రెండో రాత్రి కూడా తియ్యమని చెప్పండి.