కామారెడ్డి - యల్లారెడ్డి ఓటర్లు: ఒక నియోజకవర్గ నిర్మాణ చరిత్ర

నియోజకవర్గమనునది చట్టముచే కల్పింపబడిన సరిహద్దు. తాలూకాకు గల పూర్వచరిత్ర గాని, భాషాప్రాంతమునకు గల సహజత్వము గాని దానికి ఉండవలెనను నియమము లేదు. అయినను ఒకసారి ఏర్పడిన పిమ్మట అది తనదైన చరిత్రను సంపాదించుకొనును. కామారెడ్డి, యల్లారెడ్డి శాసనసభా స్థానములు చేరియున్న జహీరాబాదు లోక్‌సభ నియోజకవర్గము ఇందుకు మంచి ఉదాహరణమని మేము భావించుచున్నాము.

2002 నాటి చట్టము ననుసరించి జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన ఏర్పడిన పునర్విభజన సంఘము 2001 జనగణనను ఆధారముగా గైకొని ఈ స్థానమును క్రొత్తగా నిర్ణయించినది. 2008లో ఆ ఉత్తరువు అమలులోనికి వచ్చినది. 2009లో తొలి ఎన్నిక జరిగినది. జుక్కలు, బాన్సువాడ, యల్లారెడ్డి, కామారెడ్డి, నారాయణఖేడు, అందోలు, జహీరాబాదు అను ఏడు శాసనసభా స్థానములు ఇందు గలవు. వీనిలో జుక్కలు, అందోలు, జహీరాబాదు షెడ్యూల్డు కులములకు కేటాయింపబడినవి. లోక్‌సభ స్థానము మాత్రము సామాన్యము.

ఈ ఏడింటి పుట్టుకను విచారించినచో ఒక విశేషము కనబడును. 1956లో హైదరాబాదు రాష్ట్రమును భాషలను బట్టి విభజించినపుడు బీదరు జిల్లా నుండి జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలును, నాందేడు జిల్లా దెగ్లూరు తాలూకా నుండి బిచ్కుంద, జుక్కలు ఫిర్కాలును తెలుగు రాష్ట్రమునకు వచ్చినవి. అనగా నేటి నియోజకవర్గపు పడమటి అంచు పొడవునను నాటి విభజనరేఖ యొక్క అతుకులు ఉన్నవి. కన్నడము, మరాఠీ, ఉర్దూ, తెలుగు నాలుగును వినవచ్చు సంతలు అక్కడ నేటికిని కలవు. కామారెడ్డి, యల్లారెడ్డి అట్లు వచ్చినవి కావు. అవి మొదటినుండియు ఇందూరు సీమకు, అనగా నిజామాబాదు జిల్లాకు చెందిన తాలూకా కేంద్రములు. దోమకొండ సంస్థానపు స్మృతి ఈ ప్రాంతమును విడువలేదు. కామారెడ్డి అను పేరును ఆ వంశమువారితో ముడిపెట్టి చెప్పుదురు. (యల్లారెడ్డిని ఎల్లారెడ్డి యనియు వ్రాయుదురు. సదాశివనగరము చెంత గల అడ్లూరు ఎల్లారెడ్డి వేరొక గ్రామము. పరిశోధక విద్యార్థులు పాత కాగితములు చూచునపుడు ఈ భేదమును గమనింపవలెను.)

మార్గములను బట్టి చూచినచో ఈ రెండు భాగములకు పొత్తు తక్కువ. కామారెడ్డి సికింద్రాబాదు - మన్మాడు రైలుమార్గముపై, 44వ జాతీయ రహదారిపై ఉన్నది. జహీరాబాదు వికారాబాదు - పర్లి మార్గముపై, 65వ జాతీయ రహదారిపై ఉన్నది. ఈ దారులన్నియు హైదరాబాదు దిక్కునకే పోవును గాని ఒకదానినొకటి కలుపవు. కామారెడ్డి బెల్లపు వర్తకునికి జహీరాబాదుతో పని ఎన్నికలనాడే గాని తక్కిన దినములలో కలుగుట అరుదు.

ఇక వీనిని కలుపునది మంజీరా నది యని చెప్పవలెను. కాని అదియు చిక్కుతో కూడిన బంధమే. అందోలు ప్రాంతపు సింగూరు జలాశయము హైదరాబాదు నగరమునకు త్రాగునీరిచ్చుటకై ఏర్పడినది. దానికి దిగువన, 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరము కలదు. దాని కాలువలను నమ్ముకొన్న బాన్సువాడ రైతులకు ఎగువ జలాశయము ఎప్పుడు తూములెత్తునా యనునదే ప్రతి వర్షాభావ సంవత్సరపు ప్రశ్న. ఎగువవారు, దిగువవారు ఒకే లోక్‌సభ సభ్యుని ఓటర్లు! యల్లారెడ్డి, నాగిరెడ్డిపేట పొలములకు పోచారము చెరువు వేరుగా ఆధారము. కామారెడ్డికి తూర్పున మాచారెడ్డి వైపు వాగులు మానేరును చేరును; కావున మంజీరా బంధము కూడ ఆ మూలకు సోకదు.

శాసనసభా స్థానములలో యల్లారెడ్డి చరిత్ర విశిష్టమైనది. ద్విసభ్య నియోజకవర్గముల పద్ధతి 1961 చట్టముచే రద్దయిన పిమ్మట యల్లారెడ్డి షెడ్యూల్డు కులములకు కేటాయింపబడెను. 1957లో కామారెడ్డి నుండి గెలిచిన టి.ఎన్. సదాలక్ష్మి 1962లో ఇచట గెలిచిరి. దేవాదాయ మంత్రిగా, ఉపసభాపతిగా ఆమె పేరు ప్రసిద్ధము. 1967లో రిపబ్లికన్ పార్టీ పక్షమున జె. ఈశ్వరీబాయి ఆమెను ఓడించి, 1972లో మరల గెలిచిరి. దళిత స్త్రీలిరువురు, అందును మంత్రిపదవి చేసిన యొకరు, ఒక గ్రామీణ స్థానములో ఎదురెదురుగా నిలుచుట నాటి తెలుగునాట సామాన్యము కాదు. ఇరువురును 1969 తెలంగాణ ఉద్యమములో పాల్గొన్నవారే. ఈ ఘట్టముపై పరిశోధన ఇంకను విస్తరింపవలసియున్నది.

2008 పునర్విభజన ప్రకారము కామారెడ్డి స్థానములో కామారెడ్డి, భిక్కనూరు, దోమకొండ, మాచారెడ్డి మండలములు చేరినవి. యల్లారెడ్డి, నాగిరెడ్డిపేట, లింగంపేట, గాంధారి, తాడ్వాయి, సదాశివనగరము యల్లారెడ్డి స్థానమునకు వచ్చినవి. తాడ్వాయి, సదాశివనగరము వాస్తవముగా కామారెడ్డి పట్టణమునకే చేరువ. అచటివారు అంగడికి ఒక ఊరు పోవుదురు; ఓటు మరియొక ఊరి పేర వేయుదురు. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడుటతో ఇరువురికి జిల్లా కేంద్రమొకటే యైనది. లోక్‌సభ స్థానము మాత్రము నాలుగు స్థానములు ప్రధానముగా ఈ జిల్లాలోను, మూడు సంగారెడ్డి జిల్లాలోను ఉండునట్లు నిలిచిపోయెను. పేరు మూటిలోని ఒకదానిది.

పట్టణపు అంచు పెరుగుట వేరొక సంగతి. 2023 జనవరిలో కామారెడ్డి పురపాలక సంఘపు మాస్టరు ప్లానులో తమ సాగుభూములు పారిశ్రామిక మండలములోనికి పోవునని చుట్టుప్రక్కల రైతులు ఆందోళన చేసిరి. పురపాలక సంఘము ఆ ప్రణాళికను విరమించుకొన్నది. ఆ సంవత్సరాంతమున జరిగిన ఎన్నికలో నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు, పిదప ముఖ్యమంత్రియైన ఎ. రేవంత్‌రెడ్డి ఇరువురును ఇచట పోటీచేసి, స్థానికుడైన భారతీయ జనతా పక్షపు అభ్యర్థి కె. వెంకటరమణారెడ్డి చేతిలో 6,741 ఓట్ల తేడాతోను, అంతకు మించియు ఓడిరి. భూమి ప్రశ్న ఒక్కటే ఫలితమును నిర్ణయించినదని మేము అనజాలము. దానిని విడిచి ఫలితమును వివరించుటయు సాధ్యము కాదు.

లోక్‌సభకు 2009లో సురేశ్ షెట్కార్, 2014, 2019లలో బి.బి. పాటిల్, 2024లో మరల సురేశ్ షెట్కార్ ఎన్నికైరి. 2019లో తేడా 6,229 ఓట్లు మాత్రమే. నాడు ఓడిన మదనమోహనరావు 2023లో యల్లారెడ్డి శాసనసభ్యుడైరి. 2024లో పాటిల్ పక్షము మార్చి నిలువగా తేడా 46,188. లోక్‌సభ స్థానముల సంఖ్య 1971 జనగణనను బట్టి స్థిరపరుపబడి, 2026 తరువాతి తొలి జనగణన వరకు మారకుండునట్లు రాజ్యాంగము నిర్ణయించినది. ఆ పిమ్మట వచ్చు పునర్విభజనలో కామారెడ్డి, యల్లారెడ్డి ఏ నదికి, ఏ రహదారికి చెందునో ఆనాటి సంఘము మరల విచారింపవలసియుండును.