సరిహద్దులకు ఇరువైపులా ఆర్మేనియా మఠాలు

కాకసస్ పర్వత ప్రాంతంలోని ఆర్మేనియా క్రీ.శ. 301లో క్రైస్తవాన్ని రాజమతంగా స్వీకరించినట్లు సంప్రదాయం చెబుతున్నది. అక్కడి మఠాలలో మేటివి 10 నుండి 14వ శతాబ్దం వరకు వెలసినవి. మఠమనగా పూజాస్థలం మాత్రమే కాదు. పాఠశాల, గ్రంథాలయం, భోజనశాల, రాజవంశీకుల సమాధులు అన్నియు ఒకే ప్రాకారంలో ఉండేవి.

దేశానికి ఉత్తరాన దేబెద్ నది లోయ మీద సనహిన్, హఘ్పాత్ అను రెండు మఠాలు కలవు. బగ్రాతుని వంశపు రాజు మూడవ అషోత్ భార్య ఖొస్రొవనుష్ రాణి వీటిని 10వ శతాబ్దంలో నెలకొల్పినది. సనహిన్ అనగా ‘ఇది దానికంటె పాతది’ అని స్థానికులు అర్థం చెబుతారు. పొరుగూళ్ళ పోటీ ఎక్కడైనా ఒకటే! హఘ్పాత్ ప్రధాన చర్చి 976–991 మధ్య నిర్మితమైనది. దాని తూర్పు గోడపై రాణి కుమారులు స్మ్బాత్, గుర్గెన్ ఆ చర్చి నమూనాను చేతులలో పట్టుకొని నిలిచినట్లు చెక్కారు.

గోడ లోపల, వెలుపల చక్కగా చెక్కిన రాళ్ళు పేర్చి, నడుమ రాతిముక్కలు, సున్నపు గార కూరేవారు. భూకంపాల సీమలో ఇన్ని కట్టడాలు నిలిచి ఉండుటకు ఈ పద్ధతి ముఖ్య కారణం. పైన గుండ్రని మెడ, దానిపై కొనదేలిన గుమ్మటం ఆర్మేనియా చర్చికి గుర్తు.

ఆ నేల ప్రత్యేక సృష్టి ‘గవిత్’. ఇది చర్చికి పడమర ఆనుకొని ఉండే విశాలమైన మండపం. కొన్నింటికి నాలుగు స్తంభాలు ఉండగా, మరికొన్నింటిలో నడుమ స్తంభమే లేక, ఒకదానినొకటి ఖండించు కమానులే కప్పును మోస్తున్నవి. వెలుతురు కప్పు నడిమి రంధ్రం నుండి దిగును. ప్రజలు సభ తీరినది, తగవులు తీర్చుకొన్నది, పెద్దలను పాతిపెట్టినది ఇక్కడే. ద్రాక్షతోటలో, మరలో, ఊళ్ళో మఠానికి ఇచ్చినవారి పేర్లు, అందుకు ప్రతిగా ఏటా వారి పేర జరుపవలసిన ప్రార్థనల లెక్క, దానం చెరిపినవారికి శాపం గోడలపై చెక్కబడి ఉన్నవి. తెలుగు దేవాలయాల దానశాసనాలు ఎరిగినవారికి ఈ తీరు కొత్త కాదు.

రాజధాని యెరెవాన్‌కు తూర్పున, అజాత్ లోయలో ఉన్న గెఘర్ద్ మఠం మరొక వింత. 1215 నాటి ప్రధాన చర్చిని కట్టారు గాని, దాని పక్కనున్న చర్చులను 13వ శతాబ్దంలో కొండలోనే తొలిచారు. ఒకదానిలో ఊటనీరు పారుతూ ఉండును. దానిని తొలిచిన శిల్పి గల్ద్జాక్ పేరు అక్కడే చెక్కి ఉన్నది.

అయితే ఆర్మేనియన్ మఠాలన్నీ నేటి ఆర్మేనియాలో లేవు. కాలం తెలిసిన గవిత్‌లలో మొదటిదైన హొరొమొస్ మఠపు గవిత్ (1038) నేడు తుర్కియే భూభాగంలో, సరిహద్దుగా పారే అఖుర్యాన్ నది గట్టున శిథిలమై ఉన్నది. ఆ గోడలమీది రాతను చదువగల జనం ఆవలి ఒడ్డున ఉన్నారు.

జుల్ఫా కథ ఇంకా దుఃఖకరం. అజర్‌బైజాన్ ఏలుబడిలోని నఖిచెవాన్‌లో, అరస్ నది ఒడ్డున వేలాది ‘ఖచ్కార్’లు, అనగా శిలువ చెక్కిన నిలువు రాళ్ళు ఉండేవి. 1998లో మొదలైన విధ్వంసం 2005 డిసెంబరుతో ముగిసినది. చివరి దృశ్యాలను ఇరాన్ ఒడ్డు నుండి చిత్రీకరించారు. ఆ ఊరివారినే 1604–05లో షా అబ్బాస్ ఇస్ఫహాన్‌కు తరలించాడు. అక్కడ స్థిరపడిన వర్తక కుటుంబాలవారు తరువాత మద్రాసు చేరారు. చెన్నై ఆర్మేనియన్ వీధిలోని 1772 నాటి చర్చి ఆ సమాజానిదే.

ఇరాన్ వాయవ్యంలోని సెయింట్ తాడియస్ మఠం మాత్రం భద్రంగా ఉన్నది. 1319 భూకంపంలో కూలినదానిని తిరిగి కట్టారు. 2008లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది. ఏటా వేసవిలో సరిహద్దు దాటి వచ్చు ఆర్మేనియన్ కుటుంబాలు అక్కడ గుడారాలు వేసుకొని జాతర జరుపుకొంటాయి. ఆ యాత్రను ఇరాన్, ఆర్మేనియా కలిసి ప్రతిపాదించగా 2020లో యునెస్కో గుర్తించినది.