థలసీమియా కిశోరుల పరస్పర సహాయ బృందాలు

థలసీమియా వంటి దీర్ఘవ్యాధితో జీవిస్తున్న కిశోరవయస్కులు తమ అనుభవాలను అంతర్జాలం ద్వారా పంచుకొనే సమూహాలను పరస్పర సహాయ బృందాలు అంటారు.

అవసరం

థలసీమియా మేజర్ తల్లిదండ్రులిరువురి నుండి సంక్రమించే జన్యులోపం. రోగికి సాధారణంగా రెండు నుండి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. దానితో చేరే ఇనుము గుండె, కాలేయం, వినాళగ్రంథులలో పేరుకొంటుంది. ఎదుగుదల కుంటుపడడానికి, యౌవనం ఆలస్యం కావడానికి ఇదొక ముఖ్య కారణం. తోటివారికంటే పొట్టిగా ఉన్న పదిహేనేండ్ల బాలుడు ఈ సంగతి తరగతిలో చెప్పుకోలేడు. ఇనుమును తొలగించే మందును పిల్లలు నిర్లక్ష్యం చేసేది కూడా తరచుగా ఈ వయసులోనే. అది గుండెకు ముప్పు తెస్తుంది. తల్లిదండ్రుల మందలింపు కంటే అదే మందు వాడుతున్న స్నేహితుని మాటకు విలువ ఎక్కువ (ఉపాధ్యాయులకిది కొత్త విషయం కాదు).

తెలుగునాట

1998లో హైదరాబాదులో థలసీమియా, సికిల్ సెల్ సొసైటీ ఏర్పడింది. ఇటువంటి కేంద్రాలలో పిల్లలు పక్కపక్క మంచాలపై రక్తమెక్కించుకొంటూ పరిచయమౌతారు. నెల్లూరు జిల్లా జువ్వలదిన్నె వంటి తీరగ్రామంలో అదే వ్యాధి గల మరొక కిశోరుడు కనబడడం అరుదు. అటువంటివారికి ఫోనులోని బృందమే ఆధారం. రక్తదాతల సమాచారం, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం క్రింద ధ్రువపత్రం పొందే విధానం వంటివి కూడా ఇందులో చర్చించుకోవచ్చు.

పరిమితులు

బృందంలో విన్నదానిని బట్టి మందు మోతాదు మార్చుకొనరాదు. రోగి బరువును, ఫెరిటిన్ పరీక్ష ఫలితాన్ని చూసి వైద్యుడే దానిని నిర్ణయించాలి.