ఖైరతాబాద్‌లో పీజేఆర్: ఐదు గెలుపులు, ఒక పెద్ద ఓటమి

అమీర్‌పేట, పంజాగుట్ట పక్కపక్కనే ఉన్నా అసెంబ్లీ ఓటు విషయంలో దారులు వేరు. అమీర్‌పేట డివిజన్ సనత్‌నగర్ నియోజకవర్గంలోకి వస్తుంది. పంజాగుట్ట ఖైరతాబాద్ కిందికి వస్తుంది. యూసుఫ్‌గూడ, బోరబండ, రహ్మత్‌నగర్ ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో ఉన్నాయి. 2009కి ముందు జూబ్లీహిల్స్ అనే సీటే లేదు. అప్పటి ఖైరతాబాద్ ఎంత పెద్దదంటే ఆసియాలోనే పెద్ద నియోజకవర్గమని జనం గొప్పగా చెప్పుకునేవాళ్లు.

ఆ సీటుకు చాలాకాలం పి.జనార్దన్ రెడ్డి పేరే గుర్తు. అందరికీ పీజేఆర్. కార్మిక నాయకుడిగా పైకొచ్చిన మనిషి. 1978లో కాంగ్రెస్ తరఫున తొలిసారి గెలిచారు. 1983లో ఎన్టీఆర్ గాలికి సీటు తెలుగుదేశం చేతికి పోయింది. 1985, 1989లో మళ్లీ ఆయనే. 1994 సంగతి వేరు. రాష్ట్రమంతా కలిపి కాంగ్రెస్‌కు దక్కినవి 26 సీట్లే, అందులో ఖైరతాబాద్ ఒకటి. పార్టీ కన్నా మనిషికి పడిన ఓటు అది. ఆ తర్వాత సీఎల్పీ నేతగా అసెంబ్లీలో చంద్రబాబు సర్కారును నిలదీసింది కూడా ఆయనే.

మరి 1999లో ఎందుకు ఓడారు? ఎదురుగా నిలబడింది మామూలు అభ్యర్థి కాదు. సీబీఐ డైరెక్టర్‌గా చేసి రిటైరైన కె.విజయరామారావును తెలుగుదేశం రంగంలోకి దింపింది. బీజేపీతో పొత్తు, హైటెక్ సిటీ ప్రచారం దానికి తోడయ్యాయి. ఒకే సీటులో బస్తీలూ ఉన్నాయి, బంగళాలూ ఉన్నాయి. బస్తీల్లో నీళ్లు, కరెంటు, ఇంటి పట్టా అడిగేవాళ్లకు పీజేఆర్ దగ్గరి మనిషి. బంగళాల వైపు ఆ పట్టు అంతగా లేదనే అనుకోవాలి. గెలిచిన విజయరామారావు మంత్రి అయ్యారు.

2004లో పీజేఆర్ తిరిగి వచ్చారు, విజయరామారావును ఓడించి. కాంగ్రెస్ అధికారంలోకి వచ్చింది కానీ వైఎస్ మంత్రివర్గంలో ఆయనకు చోటు దక్కలేదు. అంతకుముందు మంత్రిగా చేసిన సీనియర్‌కు అది చిన్న దెబ్బేమీ కాదు. సొంత ప్రభుత్వాన్ని కూడా గట్టిగానే ప్రశ్నించారు. 2007 డిసెంబర్ 28న గుండెపోటుతో కన్నుమూశారు.

2008 ఉప ఎన్నికలో కొడుకు విష్ణువర్ధన్ రెడ్డి గెలిచారు. 2009లో సీటు ముక్కలయ్యాక ఆయన జూబ్లీహిల్స్‌కు వెళ్లి అక్కడా గెలిచారు, ఖైరతాబాద్ దానం నాగేందర్‌కు దక్కింది. 2023లో కూతురు విజయారెడ్డి ఖైరతాబాద్‌లో కాంగ్రెస్ టికెట్‌పై పోటీ చేసి దానం చేతిలోనే ఓడారు.

జూబ్లీహిల్స్‌లో 2014 నుంచి మాగంటి గోపీనాథ్ వరుసగా మూడుసార్లు గెలిచారు. మొదటిసారి రెండో స్థానం మజ్లిస్ అభ్యర్థి నవీన్ యాదవ్‌ది. 2023లో మాగంటి చేతిలో ఓడింది మహ్మద్ అజారుద్దీన్. 2025 జూన్‌లో మాగంటి చనిపోవడంతో నవంబర్‌లో ఉప ఎన్నిక వచ్చింది. పోలింగ్‌కు కొద్ది రోజుల ముందు అజారుద్దీన్‌ను మంత్రిని చేశారు. ముస్లిం ఓటర్లు ఎక్కువగా ఉన్న సీటు కాబట్టి ఆ టైమింగ్‌పై పెద్ద చర్చే నడిచింది. చివరికి కాంగ్రెస్ టికెట్‌పై నవీన్ యాదవ్ 24,729 ఓట్ల మెజారిటీతో గెలిచారు.