రుతువుల పటం, ప్రయోగశాలల పటం: ప్రపంచ ఇన్‌ఫ్లుయెంజా పర్యవేక్షణ చరిత్ర (1947–2011)

ఉపోద్ఘాతం

ఇన్‌ఫ్లుయెంజా ఏ దేశంలో ఏ నెలలో ప్రబలుతున్నదో వారంవారం తెలుసుకోవడం నేడు సాధ్యమవుతున్నది. దీని వెనుక ఏడు దశాబ్దాలకు పైబడిన అంతర్జాతీయ శ్రమ ఉంది. అయితే ప్రయోగశాల ఉన్నచోటనే వైరస్ గుర్తింపు పొందుతుంది; లేనిచోట వ్యాధి ఉన్నా లెక్కకు రాదు. పర్యవేక్షణ విస్తరించిన కొద్దీ ‘ఫ్లూ రుతువు’ అనే భావన ఎలా మారిందో, ఆ విస్తరణలో న్యాయమనే ప్రశ్న ఎలా తలెత్తిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

వ్యవస్థ ఆవిర్భావం

1933లో లండన్‌లోని జాతీయ వైద్య పరిశోధన సంస్థలో విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లైడ్లా మానవ ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను వేరుచేశారు. తరువాతి దశాబ్దంలో టీకా వాడుకలోకి వచ్చింది. కానీ 1947లో అమెరికాలో ఆ టీకా దాదాపు నిష్ఫలమైంది. వైరస్ అప్పటికే రూపు మార్చుకుంది. ఈ మార్పులను నిరంతరం గమనించనిదే టీకాకు విలువ ఉండదని తేటతెల్లమైంది. ఆ కాలంలోనే ఆండ్రూస్ నేతృత్వంలో లండన్‌లో ప్రపంచ ఇన్‌ఫ్లుయెంజా కేంద్రం ఏర్పడింది. 1952లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఛత్రం కింద వివిధ దేశాల ప్రయోగశాలల నెట్‌వర్క్ రూపుదిద్దుకుంది. భారతదేశంలో 1950లోనే నీలగిరి కొండలలోని కూనూరు పాశ్చర్ సంస్థలో ఇన్‌ఫ్లుయెంజా కేంద్రం నెలకొంది.

1957: నెట్‌వర్క్‌లోని ఖాళీ

1957 ఆరంభంలో దక్షిణ చైనాలో కొత్త రకం వైరస్ తలెత్తింది. చైనా ప్రజా గణతంత్రం అప్పటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యకలాపాలలో భాగం కాదు. ఏప్రిల్‌లో హాంగ్‌కాంగ్‌లో వ్యాధి ప్రబలింది. మే తొలి రోజుల్లో సింగపూర్ నుంచి సమాచారం అందేవరకు సంస్థకు ఈ సంగతి తెలియలేదు. ఆ నెలలోనే సింగపూర్ నుంచి వచ్చిన ఓడతో వ్యాధి మద్రాసు రేవుకు చేరింది. 1958 ఫిబ్రవరి నాటికి భారతదేశంలో 44 లక్షలకు పైగా కేసులు, సుమారు 1,100 మరణాలు నమోదయ్యాయి. ఇవి నమోదైనవి మాత్రమేనని గుర్తుంచుకోవాలి. ప్రపంచానికి ముందస్తు హెచ్చరిక కరువవడానికి ప్రయోగశాలల అసమర్థత కారణం కాదు. రాజకీయం గీసిన సరిహద్దు ఒక ప్రధాన కారణం.

రెండు అర్ధగోళాలు, అనేక రుతువులు

1973 నుంచి టీకాలో ఏ రకాల వైరస్‌లు ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా సిఫారసు చేయసాగింది. దక్షిణార్ధగోళపు చలికాలం కోసం వేరొక సిఫారసు వెలువడడానికి మరో పాతికేళ్లు పట్టింది. 1998 నుంచి ఫిబ్రవరిలో ఉత్తరార్ధానికి, సెప్టెంబరులో దక్షిణార్ధానికి సిఫారసు చేస్తున్నారు. ఉష్ణమండలం ఈ రెండింటిలో దేనిలోనూ పూర్తిగా ఇమడదు. భారతదేశమే ఇందుకు నిదర్శనం. శ్రీనగర్‌లో ఇన్‌ఫ్లుయెంజా జనవరి–మార్చి మధ్య చలిలో ఉద్ధృతమవుతుంది. ఢిల్లీ, పుణె, కోల్‌కతాలలో నైరుతి రుతుపవన కాలంలో, చెన్నై, వెల్లూరులలో ఈశాన్య రుతుపవనాల వానలలో అది పెరుగుతుందని నమూనాల పరీక్షలు వెల్లడించాయి. ఉత్తరార్ధగోళంలో ఉన్నంత మాత్రాన దేశమంతటా శీతాకాలానికి ముందు టీకా వేయడం సరిపోదని దీనివల్ల తేలుతున్నది. అంతటా శీతాకాలమే ఫ్లూ రుతువన్న నమ్మకం సమశీతోష్ణ దేశాల అనుభవం నుంచి పుట్టింది.

నమూనా ఎవరిది? టీకా ఎవరికి?

2007 ఆరంభంలో ఇండోనేసియా తన బర్డ్ ఫ్లూ వైరస్ నమూనాలను పంపడం ఆపివేసింది. పేద దేశాలు ఉచితంగా ఇచ్చిన నమూనాలతో తయారైన టీకాలు ఆ దేశాలకే అందని ధరలో ఉంటున్నాయన్నది నాటి ఆరోగ్య మంత్రి సితీ ఫాదిలా సుపారీ వాదన. నమూనాలు నిలిచిపోతే ప్రపంచమంతటికీ ముప్పని ఇతరులు ఆందోళన చెందారు. ఏళ్ల తరబడి సాగిన చర్చల ఫలితంగా 2011 మేలో ప్రపంచ ఆరోగ్య సభ ఒక ఒప్పంద చట్రాన్ని ఆమోదించింది. నమూనాల పంపకాన్నీ, ప్రయోజనాల పంపకాన్నీ అది సమాన స్థాయిలో నిలిపింది. కాని అది మహమ్మారిగా మారగల వైరస్‌లకే పరిమితం; ఏటా వచ్చే సాధారణ ఫ్లూ వైరస్‌లు దాని పరిధిలోకి రావు.

ముగింపు

పర్యవేక్షణ పట్టికలో కనిపించే సున్నాకు రెండు అర్థాలున్నాయి: వైరస్ లేకపోవడం ఒకటి, పరీక్ష జరగకపోవడం మరొకటి. 1957లో చైనా మౌనం, ఉష్ణమండలపు రుతువులు ఆలస్యంగా గుర్తింపు పొందడం, 2007లో ఇండోనేసియా నిరాకరణ ఈ తేడా ఎంత ముఖ్యమో తెలుపుతున్నాయి. అందువల్ల వ్యాధుల చరిత్రను రచించేవారు కేసుల సంఖ్యతోపాటు ఎన్ని నమూనాలు, ఎక్కడ, ఎవరు పరీక్షించారన్నదీ చదవవలసి ఉంటుంది.